‘జ్వరం’ అని రాసి ఉంటే ఏ జ్వరం?

ప్రశ్న: 1880ల నాటి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మరణాల పట్టికలు తెలుగు చేస్తున్నాను. ‘జ్వరాలు’ అన్న గడిలోనే అన్నిటికన్నా పెద్ద అంకె ఉంది. మలేరియా అని రాసేయవచ్చా? కలరాకి విషూచి అనాలా, గత్తర అనాలా?

కర్నూలు నుంచి: మలేరియా అని మాత్రం రాయకండి. ఆ పట్టికలో ఉన్న గడులే కొద్ది: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, దెబ్బలు–ప్రమాదాలు, మిగతావి. ఊళ్లో చావు నమోదు చేసేది గ్రామ మునసబు. ఆయన వైద్యుడు కాదు, ఇంటివాళ్లు చెప్పిందే ఆధారం. ఒళ్లు కాలి పోయినవాళ్లంతా ఆ ఒక్క గడిలోకే వెళ్లారు: చలిజ్వరం (మలేరియా), సన్నిపాతం, బాలింత జ్వరం, నెమ్ము, చివరికి నెలల తరబడి వెచ్చబడుతూ క్షయతో పోయినవాళ్లు కూడా. మలేరియా క్రిమిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ చూసిందే 1880లో. దోమలో దాన్ని బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897లో, సికింద్రాబాదులో.

విశాఖ నుంచి: జనానికి తేడాలు తెలియక కాదండీ, గడి లేక. రోజు విడిచి రోజు వణుకుతో వస్తే మూడోనాటి జ్వరం (వచ్చిన రోజును కూడా కలిపి లెక్కపెడతాం కదా). కొండల్లో తిరిగొచ్చాక పట్టుకుంటే మన్యపు జ్వరం. విడవకుండా కాసి మనిషి సంధిలో పడితే సన్నిపాతం. ‘సంధి ప్రేలాపన’ అక్కడి మాటే.

నల్లగొండ నుంచి: గత్తర మా దిక్కు మాట, తిట్లలో ఇంకా బతికే ఉంది. గోదావరి వైపు మరిడి అంటరు. మీ పట్టికకు కలరా అనే ఉంచుండ్రి. విషూచి వైద్య గ్రంథాల మాట. అజీర్తితో వచ్చే వాంతిభేదులు కూడా అందులోకే వస్తయి కాబట్టి అంకె అర్థం మారిపోతది.

కర్నూలు నుంచి: కలరా గడి కొంత నమ్మదగిందే. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం, పిక్కల్లో కొంకర్లు, గంటల్లోనే కళ్లు లోతుకుపోవడం చూసినవాళ్లు పొరబడరు. తప్పేది మొదటి ఒకటి రెండు చావుల దగ్గర: అవి విరేచనాల కింద పడతాయి, నాలుగిళ్లకు పాకాక గానీ కలరా పేరు ఎత్తరు. మశూచి గడిలో ఇంకో చిక్కు. ‘అమ్మవారు’ అంటే ఆటలమ్మ కూడా కావచ్చు. మశూచి పొక్కులు ముఖం, చేతులు, కాళ్ల మీద దట్టంగా, అన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మవి ఛాతీ, వీపు మీద ఎక్కువ, కొన్ని పండుతుంటే కొన్ని కొత్తగా లేస్తాయి. ఇంత వివరం మునసబు కాగితంలో ఎక్కడుంటుంది?

కడప నుంచి: 1876–78 కరువు ఏళ్ల లెక్కలు చూస్తే మరీ జాగ్రత్త. ధాత, ఈశ్వర సంవత్సరాలు. ఆ గడుల్లో ఆకలిచావుకు చోటే లేదు. తిండిలేక ఒళ్లు ఉబ్బి, పేగులు చెడి పోయినవాళ్లు విరేచనాల్లోనో జ్వరాల్లోనో కలిసిపోయారు. 1877లో ఈ రాజధానిలో కలరా కిందే సుమారు 3.5 లక్షల చావులు నమోదయ్యాయి. బక్కచిక్కిన జనం కరువు శిబిరాల్లో ఒకే నీళ్లు తాగితే మరేమవుతుంది?

విశాఖ నుంచి: గడి పేరు ‘జ్వరాలు’ అని బహువచనంలోనే ఉంచి, నెలవారీ అంకెలు దొరికితే పక్కన వేయండి. వానలు వెనకబట్టాక జ్వరాలు ఒక్కటే పెరిగితే చలిజ్వరం పాలు ఎక్కువని అనుమానించవచ్చు. విరేచనాలూ దానితోపాటే ఎక్కితే కరువేమో తేల్చుకోడానికి ఆ ఏడు ధాన్యం ధరలు కూడా చూడండి.