ఆక్టేవియా ఆర్‌ఎస్ 245కు ఎలాంటి స్టెప్నీ కొనాలి, డిక్కీలో ఎలా తీసుకెళ్లాలి?

నల్లమల దారి (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. 2020లో పరిమిత సంఖ్యలో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 కార్లలో ఒకదాన్ని ఇటీవల సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చక్రాలు కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల అలాయ్‌లే, టైర్ల కొలత 225/40 ఆర్18. అయితే డిక్కీ అడుగున స్టెప్నీ ఉండవలసిన గుంత ఖాళీగా ఉంది. జాకీ, పానా కూడా లేవు. పంక్చర్‌ను పూడ్చే ద్రావణం డబ్బా ఒకటి, చిన్న కంప్రెసర్ ఒకటి మాత్రమే ఉన్నాయి.

నగరంలో తిరగడానికి ఇవి సరిపోవచ్చు. కానీ మేము పెద్దవాళ్లతో, పిల్లలతో తరచుగా శ్రీశైలం వెళ్తుంటాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి మొదలవుతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిని మూసి ఉంచుతారు. సాయంత్రం పొద్దుపోయాక అక్కడ టైరు పగిలితే ఆ డబ్బా మీద భరోసా పెట్టుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

తెలిసినవారి దగ్గర మామూలు ఆక్టేవియా చక్రం ఒకటి, 205/55 ఆర్16 టైరుతో సహా, తక్కువ ధరకు దొరుకుతోంది. అది తీసుకోవచ్చా? లేక సన్నటి తాత్కాలిక స్టెప్నీయే వెతకాలా? అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పానా పట్టినవాడు (విజయవాడ):

ఆ 16 అంగుళాల చక్రాన్ని కొనకండి. లెక్క చూస్తే అది సరిపోయినట్టే కనిపిస్తుంది కనుక చాలామంది అక్కడే పొరబడతారు. టైరు మొత్తం వ్యాసం తెలియాలంటే రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, దానికి రెండు వైపుల సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తును కలపాలి. మీ 225/40 ఆర్18కు రిమ్ము 457.2 మి.మీ., సైడ్‌వాల్ ఒక్కోటి 225లో 40 శాతం, అంటే 90 మి.మీ., మొత్తం 637 మి.మీ. వస్తుంది. 205/55 ఆర్16కు 632 మి.మీ. వస్తుంది. తేడా ఒక శాతం కూడా లేదు. చిక్కంతా లోపల ఉంది. ఆర్‌ఎస్ 245 ముందు బ్రేకు డిస్కు 340 మి.మీ. వ్యాసంతో ఉంటుంది, దాని మీద క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) ఇంకా బయటికి వస్తుంది. 16 అంగుళాల రిమ్ములో ఆ క్యాలిపర్‌కు చోటు ఉండదు. బోల్టు రంధ్రాలు సరిపోతాయి, చక్రం మాత్రం హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు కొస) దాకా వెళ్లి కూర్చోదు. ఈ సంగతి అడవి మధ్యలో, చీకట్లో తెలియడం కంటే కష్టం ఇంకొకటి ఉండదు.

నా సలహా టి125/70 ఆర్18. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు గోల్ఫ్ జీటీఐ వంటి కార్లకు ఇచ్చే తాత్కాలిక స్టెప్నీ ఇదే. దాని రిమ్ము మూడున్నర అంగుళాల వెడల్పే గాని, 18 అంగుళాల వ్యాసం ఉండడం వల్ల పెద్ద బ్రేకులకు లోపల చోటు దొరుకుతుంది. మొత్తం వ్యాసం 632 మి.మీ., అంటే మీ టైరుకు 5 మి.మీ. మాత్రమే తక్కువ. సన్నగా ఉంది గదా అని బరువు మోయలేదనుకోకండి. దాని లోడ్ ఇండెక్సు 99, అంటే 775 కిలోలు. మీ టైరుకు మామూలుగా ఉండే 92 అయితే 630 కిలోలే. ఆ బలమంతా గాలి ఒత్తిడి వల్ల వచ్చేది, కాబట్టి అందులో 60 పిఎస్ఐ ఉండాలి, వేగం గంటకు 80 కి.మీ. దాటకూడదు.

కొనేటప్పుడు నాలుగు రంధ్రాలు, ఐదు రంధ్రాలు అని మాత్రమే చూసి ఊరుకోవద్దు. మీకు కావలసింది 5×112 (112 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టు రంధ్రాలు), మధ్య రంధ్రం 57.1 మి.మీ. మెర్సిడెస్ చక్రాలు, కొత్త బీఎమ్‌డబ్ల్యూ చక్రాలు కూడా 5×112తోనే వస్తాయి, కానీ వాటి మధ్య రంధ్రం 66 మి.మీ. దాటి ఉంటుంది కనుక మీ హబ్ మీద వదులుగా నిలుస్తాయి. పాత విడిభాగాల దుకాణంలో తీసుకుంటే టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలను తప్పక చదవండి. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఒక్కసారి కూడా రోడ్డెక్కని స్టెప్నీ కూడా ఏళ్లు గడిస్తే గట్టిపడి పగుళ్లు తేలుతుంది.

సాగర తీరం (విశాఖపట్నం):

పైవారి లెక్కలతో నాకు పేచీ లేదు గాని, అసలు స్టెప్నీ తప్పనిసరా అన్నది కూడా ఆలోచించదగినదే. టైరు ఒత్తిడిని గమనించే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అవసరం లేదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2020లోనే సవరించారు. నేను స్ట్రిప్ ప్లగ్గులు (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీలు), ఒక మంచి కంప్రెసర్ పెట్టుకుని అరకు ఘాట్‌లో తిరుగుతున్నాను. మేకు దిగితే చక్రం విప్పకుండానే పని పూర్తవుతుంది. పదిహేను కిలోల బరువును ఏడాది పొడవునా మోసి, ఎప్పుడో ఒకసారి వాడడం నాకు సబబుగా తోచలేదు.

పానా పట్టినవాడు (విజయవాడ):

మేకు దిగితే మీరన్నది అక్షరాలా నిజం. ప్లగ్గులు నా కారులోనూ ఉంటాయి, స్టెప్నీ ఉన్నా సరే నల్లమల దారి గారు వాటిని కూడా పెట్టుకోవాలి. అయితే ఇటువంటి కార్లకు ఎక్కువ ముప్పు మేకుల వల్ల కాదు, గుంతల వల్ల. 90 మి.మీ. సైడ్‌వాల్ ఉన్న టైరు అంచు పదునైన గుంతలో వేగంగా పడితే, రబ్బరు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగిపోతాయి. ఆ తరువాత సైడ్‌వాల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. అక్కడ ప్లగ్గు నిలవదు, ద్రావణం పనిచేయదు. ఆ ద్రావణం ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మీద సుమారు 4 మి.మీ. లోపు రంధ్రాలకు ఉద్దేశించినది. నిబంధన సడలించింది చట్టపరమైన అవసరాన్ని మాత్రమే, సైడ్‌వాల్ చీలిన కారు కదలాలంటే ఇప్పటికీ మరో చక్రం కావలసిందే.

రెండో గేరు (వరంగల్):

మరో మార్గం కూడా ఉంది. 205/50 ఆర్17 టైరు మొత్తం వ్యాసం 636.8 మి.మీ., అంటే మీ టైరుతో దాదాపు సమానం. ముందు బ్రేకుకు చోటిచ్చే 17 అంగుళాల రిమ్ము దొరికితే దానితో పూర్తి స్థాయి స్టెప్నీ తయారవుతుంది. తాత్కాలిక టైరుకున్న 80 కి.మీ. హద్దు దీనికి ఉండదు. అయినా ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు ఉన్నంతసేపు నెమ్మదిగానే నడపాలి. దీనికి చెల్లించే మూల్యం డిక్కీలో చోటు. వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ కనుక డిక్కీ అడుగు పలక ఆ మేరకు పైకి లేస్తుంది. 590 లీటర్ల డిక్కీకి అది భరించరాని నష్టమేమీ కాదని నా అభిప్రాయం.

ఏది కొన్నా, దాన్ని ఇంటి దగ్గర ఒకసారి ముందు హబ్ మీద బిగించి చేత్తో తిప్పి చూడండి. క్యాలిపర్‌కు తగలకుండా పూర్తిగా తిరిగితేనే డబ్బు ఇవ్వండి.

ఇక రోడ్డు మీద సన్నటి స్టెప్నీని వీలైనంతవరకు ముందు చక్రంగా వేయకండి. మీ కారు ముందు చక్రాలతో లాగేది, ముందు ఇరుసులోనే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్లు) ఉంది, స్టీరింగూ అధిక భాగం బ్రేకింగూ అక్కడే. ముందు టైరు పోతే వెనుక నుంచి మంచి చక్రాన్ని తీసి ముందుకు వేసి, స్టెప్నీని వెనుక బిగించండి. రెండుసార్లు జాకీ ఎత్తవలసి వచ్చినా ఆ శ్రమ వృథా కాదు.

బోల్టుల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. కంపెనీ చక్రాలకు ఎం14×1.5 బోల్టులు గుండ్రటి సీటుతో (చక్రాన్ని నొక్కి పట్టే భాగంతో) ఉంటాయి, కంపెనీ స్టెప్నీకి కూడా అవే పనికొస్తాయి. మీరు రేపు బయట అలాయ్‌లు వేయిస్తే వాటికి సాధారణంగా శంఖాకారపు సీటున్న బోల్టులు వస్తాయి. వాటితో స్టెప్నీని బిగించకూడదు. దానికోసం ఐదు గుండ్రటి సీటు బోల్టులు విడిగా ఉంచుకోవాలి. బిగింపు 120 న్యూటన్ మీటర్లు. దొంగతనం జరగకుండా వేసిన లాక్ బోల్టు ఉంటే దాని తాళపు ముక్క కారులో ఉందో లేదో ఈరోజే చూడండి. సెకండ్ హ్యాండ్ కార్లలో అది పోయి ఉండే అవకాశం ఎక్కువ.

నల్లమల దారి (హైదరాబాద్):

ముగ్గురికీ కృతజ్ఞతలు. డిక్కీ నిండా సామాను పెట్టుకుని వెళ్తాం కనుక టి125/70 ఆర్18 వైపే మొగ్గుతున్నాను. లాక్ బోల్టు తాళం గ్లవ్ బాక్సులో దొరికింది. ఇక ఒక్క సందేహం మిగిలింది: స్టెప్నీ వేశాక, విప్పిన 18 అంగుళాల చక్రం ఆ గుంతలో పడుతుందా?

పానా పట్టినవాడు (విజయవాడ):

సన్నటి చక్రానికి సరిపడా లోతున్న గుంతలో అది పూర్తిగా దిగదు, డిక్కీలో పైనే పెట్టవలసి వస్తుంది. అందుకే ప్రయాణానికి సామాను సర్దేటప్పుడే, అవసరమైతే ఏ పెట్టెను వెనుక సీటు కాళ్ల దగ్గరికి మార్చవచ్చో అనుకుని ఉంచుకోండి. బురద అంటకుండా ఒక పెద్ద గోనెసంచి, డిక్కీ మూలల్లో ఉన్న కొక్కేలకు కట్టడానికి కొక్కెమున్న బెల్టు ఒకటి పెట్టుకోండి. చక్రాన్ని పడుకోబెట్టి సీటు వీపుకు ఆనించి కట్టాలి. కట్టకుండా వదిలేస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరవై కిలోల చక్రం సీటును మోదుతుంది, వెనుక కూర్చునేది మీ పిల్లలు.

స్టెప్నీని మాత్రం గుంత మధ్యనున్న మరతో బిగించి, గాలి నింపే వాల్వు పైకి ఉండేలా పెట్టండి. అప్పుడు దాన్ని బయటికి తీయకుండానే ప్రతి ప్రయాణానికి ముందు 60 పిఎస్ఐ ఉందో లేదో చూడవచ్చు. మీ కంప్రెసర్ ఆ ఒత్తిడి దాకా వెళ్తుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

జాకీ కింద వేయడానికి ఒక మందపాటి చెక్క ముక్క కూడా పెట్టుకోండి. అడవి దారి పక్కన మట్టి మెత్తగా ఉంటుంది.