తాకే పనిలేని లైట్ల ప్యానెల్: నడిచి వెళ్లేవాళ్లకు ఆటగా అనిపించాలంటే?

ప్రశ్న:
కారిడార్ గోడకి 16×16 డబ్ల్యూఎస్2812బీ (ఒక్కో లైటు రంగు విడిగా మార్చగల ఎల్ఈడీల) ప్యానెల్ పెడుతున్నాం. బటన్, టచ్, యాప్ ఏవీ వద్దు. ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డుకి ఒక హెచ్‌సీ-ఎస్‌ఆర్501 పీఐఆర్ సెన్సర్ (కదలికని పట్టేది) తగిలించాం. మనిషి వస్తే యానిమేషన్ నడిచి ఆగిపోతుంది. కానీ చాలాసార్లు మనిషి దాటిపోయాకే వెలుగుతోంది, నిలబడి చూస్తుంటే ఆరిపోతోంది. పైగా రెండోసారికి ఎవరూ దానివైపు చూడటం లేదు.

జవాబు 1:
పీఐఆర్ పట్టేది వేడిలో వచ్చే మార్పుని. కదలకుండా నిలబడితే దానికి ఎవరూ లేనట్టే. అవుట్‌పుట్ ఒకసారి ఆరాక రెండున్నర సెకన్లపాటు దేన్నీ పట్టించుకోదు కూడా. దాని బదులు లేజర్‌తో దూరం కొలిచే వీఎల్53ఎల్1ఎక్స్ సెన్సర్లు రెండు తీసుకుని, ప్యానెల్‌కి అటూ ఇటూ 2 మీటర్ల దూరంలో ఎదురు గోడ వైపు తిప్పి పెట్టండి. మామూలు నడకలో మనిషి ప్యానెల్ చేరేలోపు సెకనున్నర దొరుకుతుంది. గోడ దూరం కంటే 30 సెంటీమీటర్లు తక్కువ రీడింగ్ వరుసగా రెండుసార్లు వస్తే మనిషి ఉన్నట్టు లెక్క. ఒక్కో రీడింగ్‌కి 33 మిల్లీసెకన్లు పెడితే ఇది 100 మిల్లీసెకన్లలోపే తేలిపోతుంది. రెంటి అడ్రసూ 0ఎక్స్29 కాబట్టి ఒకే బస్ (సెన్సర్లు బోర్డుతో మాట్లాడే వైర్ల జత) మీద వేస్తే కొట్టుకుంటాయి. ఈఎస్‌పీ32లో ఐ2సీ అనే అలాంటి బస్‌లు రెండున్నాయి, చెరొకటి ఇవ్వండి. వైరు పొడవు కాబట్టి క్లాక్ 100 కిలోహెర్ట్జ్ దాటించకండి.

జవాబు 2:
సెన్సర్ మార్చినా మీ మూడో సమస్య అలాగే ఉంటుంది, నా దృష్టిలో అసలు సమస్య అదే. ఇప్పుడు మీ ప్యానెల్ ఒక స్విచ్ మాత్రమే, ఎవరొచ్చినా ఒకే బొమ్మ. ఎవరూ లేకపోయినా అది తన ఆట తాను ఆడుకుంటూ ఉండాలి. కాన్వే 1970 నాటి గేమ్ ఆఫ్ లైఫ్ దీనికి సరిగ్గా సరిపోతుంది; అందులో ప్రతి గడీ పక్క గడుల్ని బట్టి తరతరానికీ వెలుగుతుంది లేదా ఆరిపోతుంది. సెకనుకి 8 తరాలు నడపండి, అంచుల్ని ఎదురు అంచులతో కలపండి. మనిషి వచ్చిన వైపు నుంచి 5 గడుల గ్లైడర్ (తనంతట తాను ఏటవాలుగా జరుగుతూ పోయే బొమ్మ) ఒకటి వదలండి. వదిలే ముందు అక్కడ 5×5 గడులు ఖాళీ చేయాలి, లేదంటే పాత గడులకి తగిలి విరిగిపోతుంది. గ్లైడర్ 4 తరాలకి ఒక్క గడే కదులుతుంది, మనిషి నడకని అందుకోలేదు. అందుకే కనిపెట్టిన క్షణంలోనే ఆ అంచు ఒకసారి మెరవాలి; లేకపోతే అది తన వల్లే వచ్చిందని చూసేవాళ్లకి తట్టదు. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినప్పుడు గ్లైడర్లు గుద్దుకుంటే ఏం మిగులుతుందో చూడటానికే జనం ఆగుతారు. ప్యానెల్ ఎప్పుడూ ఆరదు కాబట్టి నిలబడ్డవాళ్లని కనిపెట్టాల్సిన పనీ లేదు.

ఇంత చిన్న ప్యానెల్‌లో ఆట త్వరగా బిగుసుకుపోతుంది. ప్రతి తరాన్నీ 6 తరాల కిందటి బొమ్మతో పోల్చండి. కదలనివి, 2, 3 తరాలకోసారి తిరిగేవి అన్నీ దొరుకుతాయి. అప్పుడు ఒక మూల 8-10 గడులు గుంపుగా చల్లండి. విడివిడిగా వేస్తే మరుసటి తరానికే చచ్చిపోతాయి.

జవాబు 3:
256 ఎల్‌ఈడీలు పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంప్ లెక్కన 15 ఆంప్ దాటుతాయి. ఫాస్ట్‌ఎల్‌ఈడీ అనే లైట్ల కోడ్ లైబ్రరీలో 5 వోల్ట్లు, 3000 మిల్లీఆంప్ పరిమితి పెట్టండి, ఈ ఆటకి ధారాళంగా చాలు. 3.3 వోల్ట్ డేటా లైన్‌కి మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 (సిగ్నల్‌ని 5 వోల్ట్లకి పెంచే చిప్) తప్పనిసరి. లేకుంటే అప్పుడప్పుడూ పిచ్చి రంగులు వస్తాయి, జనం అదే స్పందన అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
పక్కన ‘ఇటుగా నడవండి’ అని బోర్డు పెట్టాలా?

జవాబు 2:
వద్దండి. బోర్డు చూస్తే ప్యానెల్ ముందు నిలబడి చేతులు ఊపుతారు, సెన్సర్లేమో 2 మీటర్ల అవతల ఉన్నాయి. కొత్త గ్లైడర్‌కి మాత్రం వేరే రంగు ఇవ్వండి, 10 సెకన్లలో మిగతా వాటి రంగులో కలిసిపోనివ్వండి.