బొబ్బిలి యుద్ధం నాటిదంటున్న మా ఇంటి పిస్టల్: వయసు ఎలా తేల్చాలి?

ప్రశ్న: శ్రీకాకుళం పాఠకుడు

మా తాతగారి ట్రంకు పెట్టెలో ఉన్న ఒక పాత సైనిక పిస్టల్‌ను బొబ్బిలి యుద్ధం నాటి ఆయుధమని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దాని గొట్టం తొమ్మిది అంగుళాల పొడవుంది. మందు దట్టించే ఊచ విడిగా ఊడిరాకుండా గొట్టం మూతి దగ్గర ఒక చిన్న బందుకు బిగించి ఉంది. మందును అంటించే యంత్రాంగాన్ని మోసే లాక్ పలక మీద వెనక కాళ్ళపై నిలబడి, ముందు కాళ్ళతో కిరీటాన్ని పట్టుకున్న సింహం బొమ్మ చెక్కి ఉంది. గొట్టం వెనక భాగంలో కిరీటం కింద ‘జీపీ’ అన్న అక్షరాలు, వాటి పక్కనే మరో కిరీటం కింద ‘వీ’ అక్షరం కనిపిస్తున్నాయి. పిడి చివరి ఇత్తడి తొడుగు మీద ‘ఈ’ అన్న ఇంగ్లీషు అక్షరం, 41 అన్న అంకె ఉన్నాయి.

ఏటా ఆయుధ పూజలో దీనికి బొట్లు పెట్టి హారతి ఇస్తాము కాబట్టి చెక్క పగుళ్ళలో కుంకుమ గట్టిపడిపోయింది. చింతపండుతో తోమితే ఇత్తడి మెరుస్తుందని మా పిన్ని అంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య తనతో తీసుకువెళ్తానంటున్నాడు. ఇది నిజంగా ఆ యుద్ధం నాటిదేనా, దీన్ని ఇంట్లో ఉంచుకోవచ్చా అన్నది పెద్దలు చెప్పగలరు.

సమాధానం: పాత ఆయుధాల అభిమాని, హైదరాబాద్

ముందుగా పిన్నిగారిని ఆపండి. చింతపండు పులుపు ఇత్తడి మీది చిలుముతో పాటు దానిపై ఏళ్ళ తరబడి స్థిరపడిన వన్నెను కూడా తినేస్తుంది. ఇటువంటి వస్తువును పరిశీలించేవారు మొదట చూసేది ఆ వన్నెనే. పైగా తోమిన కొద్దీ ‘ఈ 41’ వంటి సన్నని చెక్కడాలు అరిగిపోతాయి. ఆ అక్షరం ఒక దళాన్ని, ఆ అంకె ఆ దళంలోని ఆయుధాన్ని సూచించేవి కావచ్చు. వాటిని పోగొట్టుకుంటే ఈ పిస్టల్ ఏ సైనికుడి చేతిలో ఉండేదో వెతకడానికి మిగిలిన ఒక్క దారి కూడా మూసుకుపోతుంది.

ఇక వయసు సంగతి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది, అందులో విజయనగరం పక్షాన నిలిచింది బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం. మీరు వర్ణించిన సింహం మాత్రం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ముద్ర. అంతకుముందు కంపెనీ తన ఆయుధాలపై హృదయాకారంలో నాలుగు గదులుగా చీల్చిన ముద్ర వేసేది, దాదాపు 1808 నుంచి దాని స్థానంలో ఈ సింహం వచ్చింది. కాబట్టి లాక్ పలక ఆ యుద్ధం జరిగిన అర్ధ శతాబ్దం తరువాతది. మీ ఇంటి కథను కాదనడం నాకు బాధగానే ఉంది, కానీ ఇనుము మీద ఉన్న రాతను మన కథకు అనుగుణంగా చదవలేము. ‘జీపీ’, ‘వీ’ అన్నవి గొట్టాన్ని పరీక్షించిన లండన్ తుపాకుల తయారీదారుల సంఘం ముద్రలు. కంపెనీ పిస్టళ్ళలో అవి కనిపించడం సహజం.

ట్రిగ్గర్ లాగితే కొట్టే సుత్తి సంగతి మీరు చెప్పలేదు. దాని కొన చెకుముకి రాయిని పట్టుకునే దవడల్లా ఉందా, లేక గిన్నెలా గుల్లగా ఉందా? గుల్లగా ఉంటే లాక్ పలకను దీపపు వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. చెకుముకి పిస్టల్‌ను మార్చినదైతే, అప్పుడు పూడ్చిన రంధ్రాలు గుండ్రటి మచ్చల్లా కనిపించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అది ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవడం. సుత్తిని కదపకుండా, మూతి మనుషుల వైపు లేకుండా పెట్టి, మీరు పక్కన నిలబడి ఒక సన్నని వెదురు పుల్లను గొట్టంలోకి, అడుగు తగిలేంత వరకు మెల్లగా దింపండి. మూతి దగ్గర పుల్ల మీద గుర్తు పెట్టి, తీసి గొట్టం బయట ఆనించి చూడండి. పుల్ల కొన గొట్టం వెనక చివర దాకా రాకపోతే లోపల ఏదో ఉందనే అనుకోండి. నల్ల తుపాకీమందు వందేళ్ళు గడిచినా అంటుకోగలదు.

సమాధానం: టెక్సస్‌లో ఉంటున్న తెలుగువాడు

సుత్తి గుల్లగా ఉంటే అది రాయి నిప్పురవ్వతో పేలే చెకుముకి పిస్టల్‌గా పుట్టి, 1840ల నుంచి టోపీ పద్ధతికి, అంటే చిన్న లోహపు టోపీని సుత్తి కొడితే పేలే పద్ధతికి, మార్చిన వాటిలో ఒకటి కావచ్చు. అలా అయితే దాన్ని లోపంగా చూడకండి, వాడుకలో ఉన్నప్పుడు జరిగిన మార్పు ఆ ఆయుధ చరిత్రలో భాగమే. దీనికి తిరిగి రంజకపు గిన్నె (నిప్పురవ్వ పడే మందు ఉంచే చిన్న గిన్నె) అతికిస్తే విలువ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. నేను ఇక్కడ ఒక వేలంలో ‘మారని చెకుముకి పిస్టల్’ అని నమ్మి ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి లాక్ విప్పితే పలక లోపలి వైపు కాఫీ గింజ రంగులో ఉంది, గిన్నె అడుగు మాత్రం కొత్త ఆకురాయి గీతలతో వెండిలా మెరుస్తూ, దాని అంచున వెల్డింగ్ పూస ఒకటి అంటుకుని కనిపించింది. అప్పటి నుంచి లాక్ లోపలి వైపు చూడనిదే దేనికీ డబ్బు కట్టడం లేదు.

మీ అన్నగారి ఆలోచన మాత్రం సరైనది కాదు. ఇక్కడి ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైన తుపాకులను పురాతనమైనవిగానే చూస్తుంది, కానీ అడ్డు ఇండియాలోనే ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడం నేరం.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

ఇంట్లో ఉంచుకోవడం గురించి ఒక మాట. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత నమూనా ఆయుధాలకు మినహాయింపు ఉంది, అయితే అది మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరాని స్థితిలో ఉన్నవాటికే వర్తిస్తుంది. వయసు ఒక్కటే చాలదు. అందువల్ల ఫొటోలు జతచేసి జిల్లా లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సుత్తి కొన గుల్లగానే ఉంది. పలకను వాలుగా పట్టుకుని చూస్తే సుత్తికి ముందు రెండు గుండ్రటి మచ్చలు, వాటి చుట్టూ వెంట్రుకవాసి గీత కనిపించాయి. అయితే వెదురు పుల్ల ఏడున్నర అంగుళాల దగ్గరే ఆగిపోయింది, తట్టితే మెత్తగా తగులుతోంది.

సమాధానం: పాత ఆయుధాల అభిమాని, హైదరాబాద్

మచ్చలు రెండూ గిన్నె, దాని ఉక్కు మూత, స్ప్రింగు తీసేసిన చోట్లు అయి ఉండాలి. అంటే ఇది 1808 తరువాత చెకుముకి పిస్టల్‌గా తయారై, 1840ల నుంచి టోపీ పద్ధతికి మారినదని మీరు ధైర్యంగా రాసుకోవచ్చు. మెత్తగా తగిలింది పాత గుడ్డ పేలికో, కందిరీగ గూడో కావచ్చు, కానీ దాని కింద మందు, గుండు ఉన్నాయనే అనుకుని నడుచుకోండి. మీరు గాని, ఊళ్ళో మెకానిక్ గాని దాన్ని బయటికి లాగే ప్రయత్నం చేయవద్దు. పోలీస్ స్టేషన్‌కు సంచిలో వేసుకుని మోసుకెళ్ళడం కూడా ప్రమాదమే. ముందుగా వారికి సమాచారమిచ్చి, ఆయుధాలు తెలిసిన సిబ్బందిని ఇంటికే పంపమని కోరండి. వారు వచ్చి ఖాళీ చేసేదాకా దాన్ని వంటగదికి, దేవుడి గదికి దూరంగా, మూతి గోడ వైపు ఉండేలా తాళం వేసిన పెట్టెలో ఉంచండి. ఇన్నేళ్ళూ దాని ముందు కర్పూరం వెలిగించారన్నమాట తలచుకుంటేనే గుండె జారిపోతోంది. ఈ దసరాకు దానికి హారతి ఇవ్వకండి.

ఖాళీ అయిన తరువాత చేయవలసింది తక్కువే. కుంకుమను పొడి మెత్తటి కుంచెతో రాల్చండి, ఇనుము మీద పలుచగా మైనం రాసి, తోలు సంచిలో కాకుండా నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. తోలు చెమ్మను పట్టి ఉంచి తుప్పు పెంచుతుంది, మీది సముద్రపు గాలి తగిలే జిల్లా కూడాను.