లోన్‌సమ్ లేక్ ట్రెయిల్‌కి అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

అక్టోబర్ మొదటి వారంలో అమ్మానాన్నలతో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న వైట్ మౌంటెన్స్‌కి వెళ్తున్నాం. అక్కడి ఫ్రాంకోనియా నాచ్ అనే కనుమలోని లోన్‌సమ్ లేక్ వాళ్లకి చూపించాలని నాకు చాలా ఆశ. సరస్సు ఒడ్డున కూర్చుని పులిహోర తిందామని అమ్మ ఇప్పటినుంచే అంటోంది. రానూపోనూ 3 మైళ్ల పైచిలుకు, ఎక్కాల్సింది దాదాపు 1,000 అడుగులు. నాన్నగారు అలిపిరి మెట్ల మీదుగా తిరుమల ఎక్కే మనిషి, ఆయన గురించి బెంగ లేదు. అమ్మకే దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. అక్కడ మెట్లలా సమంగా ఉండదు కదా: బండరాళ్లు, పైకి తేలిన వేళ్లు, వాటి మీద రాలిన తడి ఆకులు. అదే నా టెన్షన్.

పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దిగడానికి ఎంతసేపు పట్టింది? చేతికర్రలు ఉంటే సరిపోతుందా? సరస్సు చుట్టూ చిత్తడి నేల మీద వేసిన చెక్కపలకలు వాన పడితే బాగా జారతాయా? ఆకులు రంగు మారే సీజన్ కాబట్టి జనం విపరీతంగా ఉంటారు. శనివారం ట్రెయిల్ మొదలయ్యే లఫాయెట్ ప్లేస్ దగ్గర పార్కింగ్ దొరకాలంటే ఎన్నింటికల్లా చేరాలి?

ఇది కష్టమంటే అదే కనుమలోని ఆర్టిస్ట్స్ బ్లఫ్ అనే రాతిగుట్ట ఎక్కించి పైనుంచి ఎకో లేక్ చూపిద్దామనుకుంటున్నా. దూరం తక్కువే గానీ కాస్త నిటారు. అమ్మ మోకాళ్లకి ఈ రెండింట్లో ఏది నయం?