సోనార్‌క్లౌడ్ పేరు మారింది, నా బిల్డ్ ఫెయిలైంది: ఎక్కడ పొరపాటు?

అమలాపురం నుంచి ప్రశ్న:
నమస్కారం అండి. రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసుకునే రియాక్ట్ యాప్ ఒకటి చేస్తున్నాం. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, నాణ్యత చూసుకోవడానికి, అంటే కోడ్‌లో తప్పులు వెతికి చెప్పడానికి, సోనార్‌క్లౌడ్ పెట్టుకున్నాం. ఇప్పుడు ఎక్కడ చూసినా సోనార్‌క్యూబ్ క్లౌడ్ అని కనబడుతోంది. సోనార్‌ని నడిపే పాత యాక్షన్ (గిట్‌హబ్ దానంతటదే నడిపే స్టెప్) వాడొద్దని లాగ్‌లో హెచ్చరిక కూడా వచ్చింది. పేరు మారింది కదా అని పాత ప్రాజెక్టు తీసేసి, మళ్లీ ఇంపోర్ట్ చేసి, యాక్షన్ కూడా మార్చాను. ఇప్పుడు ఆటోమేటిక్ ఎనాలిసిస్ (సోనార్ తనంతట తాను కోడ్ చూసేది) ఆన్‌లో ఉండగా సీఐ ఎనాలిసిస్ (మన గిట్‌హబ్ బిల్డ్‌లో నడిచేది) నడుపుతున్నారంటూ ఆగిపోతోంది. సోమవారం డెమో ఉంది, టెన్షన్‌గా ఉందండి.

భీమవరం నుంచి:
అయ్యో తమ్ముడూ, ప్రాజెక్టు ఎందుకు తీసేశావ్? 2024 చివర్లో మారింది పేర్లే. సోనార్‌క్లౌడ్ సోనార్‌క్యూబ్ క్లౌడ్ అయింది, ఎడిటర్‌లో ఉండే సోనార్‌లింట్ సోనార్‌క్యూబ్ ఫర్ ఐడీఈ అయింది. మన ప్రాజెక్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తీసేసిన దాని పాత చరిత్ర ఇక రాదు, దాని సంగతి మర్చిపో.

నువ్వు మార్చాల్సింది యాక్షన్ ఒక్కటే: సోనార్‌క్లౌడ్-గిట్‌హబ్-యాక్షన్ తీసి సోనార్‌క్యూబ్-స్కాన్-యాక్షన్ పెట్టాలి. అది చేశావు, మంచిదే. కొత్తగా ఇంపోర్ట్ చేసినప్పుడు ఆటోమేటిక్ ఎనాలిసిస్ దానంతటదే ఆన్ అయిపోయింది, అదీ గొడవ. ప్రాజెక్టులో అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్లి, ఎనాలిసిస్ మెథడ్‌లో దాన్ని ఆఫ్ చెయ్. రెండూ కలిసి నడవవు. ఆటోమేటిక్‌నే ఉంచుకుందామంటే అది టెస్ట్ కవరేజీ (కోడ్‌లో ఎంత భాగాన్ని టెస్టులు నడిపాయో చెప్పే లెక్క) తీసుకోదు. మీకు టెస్టులు ఉంటే సీఐనే ఉంచుకో.

ప్రాజెక్ట్ కీ (సోనార్‌లో దాని గుర్తింపు పేరు) మారి ఉంటే, సోనార్ సెట్టింగులుండే ప్రాపర్టీస్ ఫైల్లో కూడా మార్చు. ఆర్గనైజేషన్ కీ కూడా అక్కడే ఉండాలి.

అమలాపురం నుంచి:
ఆఫ్ చేశాను అన్నా, బిల్డ్ నడిచింది! కానీ కవరేజీ 0 శాతం చూపిస్తోంది. టెస్టులన్నీ పాసవుతున్నాయి.

కాకినాడ నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సోనార్ మీ టెస్టులు నడపదండి, మీరిచ్చిన రిపోర్టు చదువుతుంది, అంతే. కాబట్టి వర్క్‌ఫ్లోలో మొదట టెస్టులు నడవాలి, ఆ తర్వాతే సోనార్ స్కాన్ నడవాలి. టెస్టు టూల్‌లో ఎల్‌కవ్ (కవరేజీ రిపోర్టు రాసే ఒక ఫార్మాట్) రిపోర్టర్ ఆన్ చేసి, ఆ ఫైల్ దారిని సోనార్.జావాస్క్రిప్ట్.ఎల్‌కవ్.రిపోర్ట్‌పాత్స్ దగ్గర రాయండి. ఇదంతా ఉన్నా సున్నా వస్తే ఎల్‌కవ్ ఫైల్ తెరిచి, ఎస్ఎఫ్ అని మొదలయ్యే లైన్లు చూడండి, ఏ ఫైలు ఎక్కడుందో అవే చెబుతాయి. యాప్ ఒక సబ్‌ఫోల్డర్‌లో ఉంటే అక్కడి దారులు సోనార్ చూసే దారులతో కలవవు. నేను దీని మీదే ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

ఇంకోటి. కోడ్ తెచ్చుకునే చెకౌట్ స్టెప్‌లో ఫెచ్ డెప్త్ 0 పెట్టండి, అప్పుడు పాత మార్పుల చరిత్ర మొత్తం వస్తుంది. లేకపోతే షాలో క్లోన్ (చరిత్ర తెగ్గొట్టిన కాపీ) అని హెచ్చరిక వస్తుంది, ఏ లైను ఎప్పుడు ఎవరు రాశారో దానికి సరిగ్గా తెలియదు.

అమలాపురం నుంచి:
ఆయ్, దారులదే గొడవండి! మా యాప్ ఫ్రంటెండ్ అనే ఫోల్డర్‌లో ఉంది. సరిచేస్తే 61 శాతం వచ్చింది. కానీ ఇప్పుడు పుల్ రిక్వెస్ట్ (మార్పులు కలపమని పెట్టే అభ్యర్థన) మీద క్వాలిటీ గేటు, అంటే సోనార్ పెట్టే పాస్-ఫెయిల్ పరీక్ష, ఫెయిల్ అంటోంది. 61 చాలదా?

భీమవరం నుంచి:
61 మొత్తం కోడ్‌ది తమ్ముడూ. గేటుకి దాంతో పనిలేదు, అది కొత్త కోడ్‌నే చూస్తుంది. సోనార్ వే అనే మామూలు గేటులో కొత్త కోడ్‌కి 80 శాతం కవరేజీ ఉండాలి, డూప్లికేషన్ (ఒకే కోడ్ మళ్లీ మళ్లీ రాయడం) 3 శాతం దాటకూడదు. కొత్త లైన్లు 20 కంటే తక్కువైతే ఈ రెండు షరతులూ వదిలేస్తుంది. నీ పుల్ రిక్వెస్ట్‌లో ఏం మార్చావో చూడు.

అమలాపురం నుంచి:
మేత లెక్కలు వేసే ఫంక్షన్ ఒకటి, టెస్టు రాయకుండా వదిలేశాను. ఇప్పుడే రాస్తున్నానండి, కరెంటు ఉండగానే.