.243 బ్యారెల్ అరిగింది, రీచాంబర్ చేయించాలా కొత్తది వేయించాలా?

డెంటన్_వేటగాడు: అన్నలూ, నా దగ్గర రెమింగ్టన్ 700 రైఫిల్ ఉంది, .243 క్యాలిబర్, ఫ్యాక్టరీ బ్యారెల్ 22 అంగుళాలు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ముందు ఓనర్ ఎన్ని రౌండ్లు కాల్చాడో తెలీదు. 100 గజాల్లో గుళ్ళన్నీ అంగుళంలో పడే గ్రూప్ ఇచ్చేది ఇప్పుడు మూడంగుళాలు పోతోంది. గన్‌స్మిత్ బోర్‌స్కోప్ (గొట్టం లోపల చూసే పరికరం) పెట్టి చూపించాడు, రైఫ్లింగ్ (బుల్లెట్‌ని తిప్పే గాడులు) మొదలయ్యే చోట ఎండిన చెరువు అడుగులా అంతా పగుళ్లే. వెనక అంగుళం కోసి మళ్ళీ .243 ఛాంబరే (రౌండ్ కూర్చునే గది) వేస్తా, అదే రీచాంబర్, కావాలంటే అక్లీ ఇంప్రూవ్డ్ (అదే కేసులో పౌడరు ఎక్కువ పట్టేలా పెంచిన ఛాంబర్) చేస్తా అంటున్నాడు, ఏదైనా 350 డాలర్లు. కొత్త ప్రీఫిట్ (ముందే ఛాంబర్ కోసి వచ్చే) బ్యారెల్ 400 చిల్లర. ఇక్కడ టెక్సస్‌లో నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ ఓపెన్. ఏం చేయమంటారు?

కాటీ_కిరణ్: బ్రో డబ్బు పెట్టేముందు కాపర్ సాల్వెంట్‌తో ప్యాచ్ మీద నీలం రంగు రావడం ఆగేదాకా క్లీన్ చెయ్యి, ఛాంబర్ మూతి దగ్గర కార్బన్ రింగ్ (గట్టిపడిన మసి వలయం) ఉంటే అదీ తియ్యాలి. స్కోప్ బేస్ స్క్రూలు, యాక్షన్ స్క్రూలు టార్క్ రెంచ్‌తో చూస్కో. మజిల్ చివర క్రౌన్‌కి (గొట్టం నోటి అంచుకి) దెబ్బ తగిలుంటే అదొక్కటి కోయిస్తే చాలు.

డెంటన్_వేటగాడు: అవన్నీ అయిపోయాయి అన్నా, స్కోప్ కూడా మార్చి చూశా, అదే మూడంగుళాలు.

లేత్_బాబాయ్_హ్యూస్టన్: తమ్ముడూ అయితే కొత్తదే వేయించు. .243 అంటే 1955లో వచ్చిన కార్ట్రిడ్జ్, .308 కేసునే మూతి దగ్గర 6 మిల్లీమీటర్లకి నొక్కారు, దాదాపు అంతే పౌడరు, వేడి గ్యాస్ అంతా సన్న కంతలోంచి పోవాలి, అందుకే .308 బ్యారెల్ 5000 రౌండ్లు ఆగితే ఇది 2000 అటూ ఇటూలోనే మొహం వేలాడేస్తుంది. వెనక అంగుళం కోస్తే బాగా తినేసిన భాగం పోతుంది నిజమే, కానీ పగుళ్లు అక్కడితో ఆగవు, ముందుకి ఇంకా కొన్ని అంగుళాలు పాకి ఉంటాయి, వాటి మీదే కొత్త ఛాంబర్ కూర్చుంటుంది. ఫ్యాక్టరీ స్పోర్టర్ బ్యారెల్ సన్నం, ఛాంబర్ దగ్గర లావుగా ఉండే భాగమే కోసేస్తాం కాబట్టి ఎంత మిగులుతుందో కొలవాలి, బ్యారెల్ వెనక్కి జరిగాక స్టాక్‌లో సందు కూడా కనిపిస్తుంది. ట్విస్ట్ (రైఫ్లింగ్ మెలిక) మాత్రం పాతదే, 9.125 అంగుళాలకి ఒక చుట్టు, 100 గ్రెయిన్ బరువు బుల్లెట్ వరకు ఓకే, పొడుగాటి 105, 108 బుల్లెట్లు నిలబడవు. థ్రెడింగ్, రీమర్ (ఛాంబర్ కోసే పనిముట్టు), హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ రౌండ్‌కీ మధ్య సందు సరిచూడటం) పని ఎలాగూ కొత్త బ్యారెల్‌కి చేసేదే, ఆ కూలి పాత ఇనుము మీద ఎందుకు పోస్తావు?

అగస్టా_రీలోడర్: బాబాయ్ గారితో సగమే ఏకీభవిస్తా. బోర్ బాగుంటే రీచాంబర్ చాలా మంచి పని, నా .30-06ని అక్లీ చేయించా, అద్భుతంగా కాలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులు తెచ్చుకున్న జపాన్ 6.5 అరిసాకా రైఫిళ్ళకి ఇక్కడ రౌండ్లు దొరక్క .257 రాబర్ట్స్ కేసుని 6.5కి తెరిచి దానికి రీచాంబర్ చేయించుకునేవాళ్లు, అక్కడ బ్యారెల్ బాగుంది, రౌండ్లే లేవు. తమ్ముడి కేసు రివర్స్. అక్లీకి మామూలుగా ఒక థ్రెడ్ వెనక్కి తెస్తారు, 700కి అంగుళానికి 16 థ్రెడ్లు, అంటే జరిగేది అంగుళంలో పదహారో వంతు, ఆ పగుళ్లకి అదేం సరిపోతుంది? పైగా బ్రాస్ (కేసులు) ఫైర్‌ఫామ్ చేయాలి, అంటే ఒకసారి కాల్చి కొత్త ఛాంబర్ ఆకారానికి తేవాలి, రీలోడింగ్ డైలు (అచ్చులు) వేరే కొనాలి.

లేత్_బాబాయ్_హ్యూస్టన్: ఇంత చెప్పి సగమే అంటావేంటి, నేను చెప్పిందీ అదే కదా 🙂

డెంటన్_వేటగాడు: సరే కొత్తదే. ఎలాగూ మారుస్తున్నాం కదా, 6.5 క్రీడ్‌మోర్ క్యాలిబర్‌కి వెళ్లొచ్చా?

లేత్_బాబాయ్_హ్యూస్టన్: నిక్షేపంగా. బోల్ట్ ఫేస్ (కేసు అడుగు కూర్చునే చోటు) అదే .473 అంగుళాలు, షార్ట్ యాక్షనే, మ్యాగజైన్ కూడా సరిపోతుంది. 7ఎంఎం-08 అయినా అంతే. సావేజ్ 110 అయితే బ్యారెల్ నట్ ఉంటుంది కాబట్టి ఇంట్లోనే మార్చుకోవచ్చు, 700కి కూడా నట్‌తో వచ్చే ప్రీఫిట్లు ఉన్నాయి. ఎవరు బిగించినా హెడ్‌స్పేస్ కొలిచే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు, ఇది నీ కళ్ళ ముందే చేయించు. క్యాలిబర్ పేరు బ్యారెల్ మీద స్టాంప్ ఉందో లేదో చూడు, రేపు ఆ రైఫిల్ ఎవరి చేతికెళ్తుందో మనకి తెలీదు.

ప్లేనో_హెచ్1బీ: బ్యారెల్ పోస్ట్‌లో ఇంటికి తెప్పించుకోవచ్చా? నేనూ మార్చాలనుకుంటున్నా.

కాటీ_కిరణ్: ఫెడరల్ చట్టంలో ఫైర్ఆర్మ్ అంటే రిసీవరే (బోల్ట్ కూర్చునే బాడీ), బ్యారెల్ విడిభాగం, ఇంటికే వస్తుంది. నువ్వు చూస్కోవాల్సింది వేరే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు మామూలుగా హంటింగ్ లైసెన్స్ మినహాయింపు కిందే తుపాకీ, రౌండ్లు ఉంచుకుంటారు, టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, రెన్యూ చేయకుండా రైఫిల్ ఇంట్లో పెట్టుకోకు. ఇండియా వెళ్లేటప్పుడు బ్యారెల్ సూట్‌కేసులో వేసుకునే ఆలోచన అసలు వద్దు, అది ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ కిందకి వస్తుంది.

డెంటన్_వేటగాడు: 6.5 క్రీడ్‌మోర్, 8 ట్విస్ట్, ఆర్డర్ పెట్టేశా. గన్‌స్మిత్ దగ్గర సీజన్ ముందు క్యూ ఉందంట, అక్టోబర్ మొదట్లో ఇస్తానన్నాడు. పాత .243 రౌండ్లు రెండు డబ్బాలున్నాయి, ప్లేనో తమ్ముడూ నీది .243 అయితే చెప్పు, రేంజ్‌కి తెస్తా.

ప్లేనో_హెచ్1బీ: నాది .243నే అన్నా! లైసెన్స్ రెన్యూ చేసి వస్తా.

లేత్_బాబాయ్_హ్యూస్టన్: కొత్త బ్యారెల్ రాకముందే ఆ డబ్బాలు ఇచ్చెయ్ తమ్ముడూ, రెండు క్యాలిబర్లు ఒకే బ్యాగులో ఉండకూడదు.