బ్రిటన్‌కు కొత్తగా వెళ్లేవారు మర్యాదల విషయంలో ఎక్కడ తడబడతారు?

శ్రావణి_గుంటూరు
మా చెల్లెలు సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి గ్లాస్గో వెళ్తోంది. వీసా గురించి, పచ్చళ్ల గురించి అందరూ చెబుతున్నారు. అక్కడివాళ్ల మనసు నొప్పించకుండా మెలగడం ఎలాగో చెప్పేవారే లేరు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

లెస్టర్_రమణ
ముందుగా క్యూ. బస్‌స్టాపులో వరుస కనిపించకపోయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ గుర్తుంటుంది. పబ్బుల్లోనూ అంతే. చాలాచోట్ల మనమే కౌంటరు దగ్గరికి వెళ్లి అడగాలి. పక్కాయన ముందే వచ్చి ఉంటే, "వారు నాకంటే ముందు వచ్చారు" అని మనమే చెప్పాలి. చిటికెలు వేయడం, నోటు ఊపడం అసలు వద్దు. స్నేహితులతో వెళ్తే ఒక్కో విడత ఒక్కొక్కరు అందరికీ కొంటారు. మన వంతు వచ్చినప్పుడు కూర్చుండిపోతే పైకి ఏమీ అనరు గానీ మరిచిపోరు. మద్యం తాగనివారు "నాది నేనే కొనుక్కుంటాను" అని మొదట్లోనే చెప్పేస్తే ఇబ్బంది ఉండదు.

సుజాత_ఎడిన్‌బరా
శ్రావణి గారూ, గ్లాస్గో అన్నారు కాబట్టి చెబుతున్నాను. స్కాట్లండ్ వారిని ఇంగ్లీషువాళ్లు అనకూడదు. తెలుగువాళ్లను మదరాసీలంటే మనకెలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది. 1707లో ఇంగ్లండుతో కలిసినా వారి న్యాయవ్యవస్థ, చదువుల పద్ధతి వేరు. 1999 నుంచి సొంత పార్లమెంటు కూడా ఉంది. ఇంకొకటి: పరిచయమైన కొత్తలోనే "మీది సెల్టికా, రేంజర్సా?" అని అడగవద్దనండి. అక్కడ ఆ రెండు ఫుట్‌బాల్ జట్ల అభిమానం వెనుక కాథలిక్, ప్రొటెస్టంట్ల పాత వైరం ఉంది. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం మాత్రం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోమనండి. నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చిన పద్ధతి అది.

కిరణ్_వరంగల్
జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెందుకు లేరు వంటి ప్రశ్నలు వద్దు. ప్రొఫెసర్లను సర్, మేడమ్ అనడమూ అక్కర్లేదు, పేరుతో పిలవవచ్చు.

లెస్టర్_రమణ
కిరణ్ గారూ, చివరి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. మొదటి ఈమెయిల్‌లో డాక్టర్ అనో ప్రొఫెసర్ అనో ఇంటిపేరుతో రాయడమే క్షేమం. జవాబు కింద వారు పేరొక్కటే రాస్తే, ఆ తర్వాత అలాగే పిలవవచ్చు.

కిరణ్_వరంగల్
నిజమేనండీ, అదే మంచి పద్ధతి.

శ్రావణి_గుంటూరు
అందరికీ ధన్యవాదాలు. ఎవరైనా భోజనానికి పిలిస్తే?

సుజాత_ఎడిన్‌బరా
తినని పదార్థాలేమైనా ఉంటే పిలిచిన రోజే చెప్పాలి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వండినవారు చిన్నబుచ్చుకుంటారు. చాక్లెట్లో పూలో తీసుకెళ్లాలి. ఐదు పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, చెప్పిన వేళకంటే ముందు తలుపు తట్టకూడదు. తమ్ముణ్నో స్నేహితురాలినో వెంటబెట్టుకు వెళ్లాలనుకుంటే ముందే అడగాలి. వారు లెక్క చూసుకునే వండుతారు.